మత్తడి దుంకేదాకా: ఊరి చెరువు మీద ఫొటో కథ, డాక్యుమెంటరీ తీయడం ఎలా

మా వరంగల్ చుట్టుపక్కల ఏ దిక్కుకు పోయినా కొద్ది దూరంలోనే ఒక చెరువు కట్ట కనిపిస్తుంది. పాకాల, రామప్ప, లక్నవరం వంటివి కాకతీయుల కాలం నాటివి, ఇప్పటికీ పంటకు నీళ్లిస్తున్నవి. మిగతావన్నీ మండలం దాటితే పేరు కూడా తెలియని ఊరి చెరువులు, కుంటలు. 2015లో చెరువుల పూడిక తీసి బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు రాష్ట్రంలో లెక్కకొచ్చిన చెరువులు, కుంటలు 46,531. వీటిలో ఎన్నింటికి చెప్పుకోదగ్గ ఫొటో కథ ఉంది? జేసీబీ ముందు కొబ్బరికాయ కొట్టే ఫొటో సంగతి కాదు. ఆ చెరువు ఎండటం, నిండటం, దాని మీద బతికే మనుషులు, దాని మీద జరిగే తగాదాలు ఎక్కడైనా నమోదయ్యాయా అని.

నేను కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఈ మార్గదర్శి మొత్తానికీ ఊరి చెరువునే ఉదాహరణగా తీసుకున్నాను. మీ కథ సింగరేణి ఓపెన్‌కాస్ట్ అంచున ఉన్న ఊరిది కావచ్చు, ఏనుమాముల మార్కెట్లో పత్తి మోసే హమాలీలది కావచ్చు, కొత్తవాడలో దర్రీలు నేసే మగ్గాలది కావచ్చు, 2024 ఆగస్టు 31న ఒక్క గాలికి వేల చెట్లు కూలిన తాడ్వాయి అడవిది కావచ్చు. విషయం మారినా పని పద్ధతి పెద్దగా మారదు.

మొదటి అడుగు: కథను ఒక్క ప్రశ్నకు కుదించండి

"నీటి సంక్షోభం మీద డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నా" అని చాలామంది నా దగ్గరికి వస్తారు. అలా మొదలైనవి సాధారణంగా పూర్తి కావు. పగిలిన నేల, ఖాళీ బిందె, ఆకాశం వైపు చూసే ముసలి రైతు, ఈ మూడు బొమ్మల దగ్గరే ఆగిపోతాయి. అవి ఏ ఊరివో చూసేవాళ్లకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు.

బదులుగా ఇలా అడిగి చూడండి: "మా చెరువు మత్తడి దుంకినా చివరి మడికి నీళ్లెందుకు అందటం లేదు?" మత్తడి దుంకడమంటే చెరువు నిండి అలుగు పారడం. ఈ ప్రశ్నలో ఒక చోటు ఉంది, కొందరు మనుషులున్నారు, ఒక చిక్కుముడి ఉంది. దాన్ని పట్టుకుని పోతే తూము, కాలువ, కాలువలోకి దించిన మోటార్లు, శిఖం భూమిలో (చెరువు నీళ్లు పరుచుకునే నేలలో) లేచిన ఇళ్లు, తూము తీసి నీళ్లు పంచే నీరటి వ్యవస్థ ఎప్పుడు పోయిందన్న సంగతి, అన్నీ వరసగా ఎదురవుతాయి. పర్యావరణం గురించి మీరు విడిగా ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ప్రశ్నను కాగితం మీద రాసి కెమెరా సంచిలో పెట్టుకోండి. రెండు మూడు నెలలకు అది మారుతుంది, మారాలి కూడా. మారినప్పుడల్లా పాతదాని కిందే కొత్తది రాయండి. ఎడిటింగ్ కు కూర్చున్నప్పుడు ఆ కాగితం బాగా పనికొస్తుంది.

రెండో అడుగు: మొదటి నెల కెమెరా ఇంట్లోనే ఉండనివ్వండి

ఇది చెప్తే కుర్రాళ్లకు నచ్చదు. కానీ నేను తీసినవాటిలో బాగా వచ్చిన ప్రతి ఫొటోకూ వెనుక, కెమెరా లేకుండా నడిచిన రోజులున్నాయి.

కట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. పొద్దున ఆరింటికి ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి. ఎవరెవరు వస్తున్నారో గమనించండి. రైతుకు చెరువంటే ఆయకట్టు. ముదిరాజుకు చేప. చాకలికి రేవు. కుమ్మరికి బంకమట్టి. గౌడన్నకు కట్ట కింది ఈత వనం. ఆడవాళ్లకు సద్దుల బతుకమ్మ నాడు పూలు సాగనంపే చోటు. ఒకే నీటికి ఇన్ని సంబంధాలున్నాయి, ఇవి ఒకదానికొకటి అడ్డుపడతాయి కూడా. నాట్లకు నీళ్లు వదలమని రైతు అంటే, చేపలు పెరగాలి ఆపమని మత్స్య సంఘం అంటుంది. ఆ లాగులాట పట్టుబడితే మీ కథ నడుస్తుంది.

మాటలు నేర్చుకోండి. మత్తడి, తూము, శిఖం, ఒర్రె, గొలుసుకట్టు, పూడిక వంటి మాటలు ఊళ్లోవాళ్లు ఎలా వాడుతున్నారో అలాగే నోట్‌బుక్‌లో రాసుకోండి. "చెరువు పొంగిపొర్లుతోంది" అని మీరంటే వాళ్లు మర్యాదగా తలూపుతారు. "మత్తడి దుంకుతుందా?" అని అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఇదే నెలలో కాగితాల పని కూడా చేయండి. గ్రామ నక్షలో చెరువు హద్దులు ఎక్కడిదాకా ఉన్నాయో చూడండి. పాత పహాణీల్లో, అంటే ఊరి భూమి రికార్డుల్లో, శిఖం భూమి విస్తీర్ణం రాసి ఉంటుంది. నీటిపారుదల శాఖ దగ్గర పూర్తి నీటిమట్టం గీత, అంటే అందరూ ఎఫ్‌టీఎల్ అనేది, ఎక్కడుందో అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా చూడొచ్చు. ఒకే చెరువును పదిహేనేళ్ల తేడాతో పక్కపక్కన పెట్టి చూస్తే కబ్జా ఎటునుంచి మొదలైందో తెలిసిపోతుంది. అయితే ఎండాకాలం చిత్రాన్ని వానాకాలం చిత్రంతో పోల్చి చెరువు కుంచించుకుపోయిందని అనకండి. ఒకే నెలలో తీసినవే పోల్చాలి. ఈ ఒక్క తప్పు దొరికితే అవతలివాళ్లు మీ పనంతా కొట్టిపారేస్తారు.

ఊళ్లోవాళ్ల ఫోన్లు కూడా చూడండి. 2023 జూలై చివర్లో మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తినప్పుడు, వరంగల్ కాలనీల్లో నడుము లోతు నీళ్లు నిలిచినప్పుడు మొదటి వీడియోలు తీసింది ఊళ్లోవాళ్లే. చెరువు తెగిన ఏడు, చేపలు చచ్చి తేలిన రోజు ఎవరి ఫోన్‌లోనో ఉంటాయి. అడిగి తీసుకోండి, వాట్సాప్‌లో మాత్రం పంపమనకండి. వాట్సాప్ వీడియోను కుదించేస్తుంది, తీసిన తేదీ సమాచారమూ పోతుంది. కేబుల్‌తో అసలు ఫైలు కాపీ చేసుకుని, తీసినవాళ్ల పేరు సినిమాలో వేస్తానని చెప్పి, నిజంగా వేయండి.

మూడో అడుగు: అనుమతి

అనుమతి అంటే సంతకం అనుకునేవాణ్ణి. అది ఎంత తప్పో ఒక కౌలు రైతు వల్ల తెలిసింది.

ఆయన మడి కాలువకు ఆఖరున ఉంటుంది. పైన ఉన్నవాళ్లు కాలువలో మోటార్లు పెట్టి నీళ్లు తోడుకుంటున్నారని, తన వరి ఎండిందని కెమెరా ముందు చెప్పాడు. సంతకం పెట్టాడు. సినిమా బయటికి వచ్చింది, చాలామంది మెచ్చుకున్నారు. మరుసటి యాసంగికి ఆయనకు ఆ భూమి కౌలుకు దొరకలేదు. ఆయన మాట్లాడిన మోటార్లలో ఒకటి భూమి యజమాని తమ్ముడిదట. ఆ సంగతి నాకు తెలియదు, ఆయనా చెప్పలేదు. నేను అడగలేదు కూడా. క్షమించమని అడగడానికి పోయినప్పుడు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, చాయ్ తాగించాడు. ఆ చాయ్ నాకు ఇప్పటికీ గొంతు దిగదు.

అప్పటినుంచి నేను అనుమతి మూడుసార్లు అడుగుతాను. తీసే ముందు, తీసిన రోజు సాయంత్రం, ఎడిట్ అయ్యాక. ప్రతిసారీ అడిగే ప్రశ్నలు ఇవి: "ఈ మాట మీ ఊళ్లో ఎవరెవరు చూస్తారు? చూస్తే మీకేమైనా అయితదా? భూమి, అప్పు, పింఛను, కూలి, దేనికైనా ఇబ్బంది ఉందా?" జవాబు చెప్పేముందు వాళ్లు ఆగితే, ఆ ఆగడాన్నే జవాబుగా తీసుకోండి.

రాతపూర్వక పత్రం ఉండాలి, కానీ తెలుగులో, ఒక పేజీ మించకుండా. ఫొటోలు ఎక్కడెక్కడ వాడతారు, డబ్బు వస్తే ఏం చేస్తారు, ఏ తేదీ దాకా "వద్దు" అని వెనక్కి తీసుకోవచ్చు, మీ ఫోన్ నంబరు, ఇంతే. చదవలేనివాళ్లకు పైకి చదివి వినిపించి, వాళ్ల ఒప్పుకోలును గొంతుతో రికార్డు చేయండి. పత్రం ఒక కాపీ వాళ్ల దగ్గర ఉండాలి.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. అది ఉన్నా పిల్లను అడగండి, "వద్దు" అంటే అంతటితో ఆపండి. లైంగిక నేరాలకు గురైన పిల్లలు, పోలీసు కేసుల్లో ఉన్నవాళ్లు, సంరక్షణ గృహాల్లో ఉన్నవాళ్లు ఎవరో తెలిసేలా చూపడం పోక్సో, బాల న్యాయ చట్టాల ప్రకారం నేరం. మొహం మసకబార్చి ఊరి పేరు వేసినా గుర్తుపడతారని మరిచిపోవద్దు.

ఇంకో మాట, ఎవరు మాట్లాడుతున్నారన్నది. ఊళ్లోకి కెమెరాతో పోతే ముందు కుర్చీ వేసేది సర్పంచ్ ఇంట్లో. ఆ కుర్చీలో కూర్చుంటే ఆ కథే దొరుకుతుంది. నేను ఒక లెక్క పెట్టుకున్నాను. సినిమాలో మాట్లాడేవాళ్లలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, కాలువ ఆఖరు మడివాళ్లు ఉండాలి, దళితవాడ నుంచి, తండా నుంచి మనుషులు ఉండాలి. బాధ చెప్పడానికే కాదు, విషయం తెలిసినవాళ్లుగా చెప్పడానికి. తూము ఎప్పుడు తీస్తే ఎంత నీళ్లు పోతాయో చెప్పే నీరటి కుటుంబాల్లో దళితులు చాలామంది. వాళ్లను పక్కనబెట్టి ఇంజనీరుతో మాత్రమే నీటి లెక్క చెప్పిస్తే కథ సగమే చెప్పినట్టు.

నాలుగో అడుగు: సామాను

దీని గురించి ఎక్కువ చెప్పను. ఈ నాలుగైదేళ్లలో వచ్చిన మంచి ఫోన్ ఏదైనా మొదటి సినిమాకు సరిపోతుంది. డబ్బు ఉంటే కెమెరాకు కాకుండా మైకుకు పెట్టండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. చొక్కాకు తగిలించే మైకు, దాని మీద గాలి చప్పుడు ఆపే బొచ్చు తొడుగు, గట్టి స్టాండు, రెండు మెమరీ కార్డులు, పవర్ బ్యాంకు ఉంటే చాలు. కట్ట మీద గాలి ఎప్పుడూ ఉంటుంది, ఆ తొడుగు లేకపోతే ఇంటర్వ్యూ పోయినట్టే. మే నెలలో మా దగ్గర 45 డిగ్రీలు దాటుతుంది, ఫోన్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. తడి తువ్వాలు చుట్టకండి, గొడుగు నీడన పెట్టండి.

ఐదో అడుగు: అవే నాలుగు చోట్ల, ఏడాదంతా

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. చెరువు దగ్గర నాలుగు చోట్లు ఎంచుకోండి. నేనైతే తూము రాయి, మత్తడి గోడ చివర, కట్ట మీది మైసమ్మ గుడి, రేవు మెట్లు ఎంచుకుంటాను. ప్రతి చోటా నేల మీద కదలని గుర్తు ఒకటి చూసుకోండి, స్టాండు ఎత్తు నోట్‌బుక్‌లో రాసుకోండి, జూమ్ మార్చకండి. మొదటిసారి తీసిన ఫొటోను ఫోన్‌లో ఉంచుకుని, తర్వాత పోయినప్పుడల్లా అంచులు దానికి సరిపోయేలా కెమెరా నిలపండి. ఒకే వేళకు తీయండి. పొద్దున ఏడింటికి అనుకుంటే ఏడాదంతా ఏడింటికే.

ఎప్పుడెప్పుడు పోవాలంటే ఊరి లెక్క ప్రకారమే. మే ఆఖరున నీళ్లు అడుగంటినప్పుడు, మిరుగు తొలకరికి, ఆగస్టు సెప్టెంబరుల్లో మత్తడి దుంకినప్పుడు, బతుకమ్మ నాడు, యాసంగి నాట్లకు తూము తీసిన రోజు, ఎండాకాలం మొదట్లో చేపలు పట్టే రోజు. వీటి మధ్య నెలకు ఒకసారి ఏ విశేషమూ లేని రోజు కూడా పోండి. విశేషం లేని రోజు తీసిన ఫొటోలే తర్వాత ఎక్కువ అక్కరకొచ్చాయి. ఎవరూ తోముకోని రేవు, గుర్రపుడెక్క నిండిన మూల, తూము షట్టరుకు పట్టిన తుప్పు, ఇవన్నీ మామూలు రోజుల్లోనే కనబడతాయి.

మనుషుల ఫొటోలకు వచ్చేసరికి మొదట దూరం గురించి. జూమ్ లెన్సుతో అవతలి గట్టు నుంచి తీస్తే మనిషి వస్తువులా కనబడతాడు. దగ్గరికి నడిచి, మాట్లాడి, వాళ్లు కూర్చుంటే కూర్చుని తీయండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, చాలామంది చదువురానివాళ్లు, కెమెరా పట్టి సినిమాలు తీశారు. కోణాలకు వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్. ఫిల్మ్ స్కూల్ పుస్తకాల్లో కోణాల గురించి చాలా పేజీలు చదివాను, ఇంత సూటిగా ఎక్కడా లేదు. నాట్లు వేసే ఆడవాళ్లను గట్టు మీద నిలబడి తీయబోయే ప్రతిసారీ ఆ పటేల్ మాట నాకు గుర్తొస్తుంది, మడిలోకి దిగుతాను.

ఫోన్‌లో బ్యూటీ మోడ్ తీసేయండి. అది నల్లని ఒంటిని తెల్లగా చేస్తుంది, ముడతలు చెరిపేస్తుంది. వెలుగును ముఖానికి సరిచూసి తీయండి, ఆకాశం కొంచెం తెల్లబోయినా పర్వాలేదు. మధ్యాహ్నం నీటి మీద మెరుపు ఎక్కువైతే పోలరైజర్ ఫిల్టర్ తిప్పి చూడండి, నీటి అడుగున నాచు కూడా కనబడుతుంది. ఫొటో తీసిన రోజు రాత్రే వివరం రాయండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తున్నారు. "పేద రైతు", "అమాయక గిరిజనులు" వంటి మాటలు వివరంలోకి రాకూడదు. పేరు రాయడానికి ఒప్పుకుంటే పేరు రాయండి. ఫొటోలో ఉన్న మనిషికి పేరుంటే చూసేవాళ్లకు గౌరవం దానంతటదే వస్తుంది.

ఆరో అడుగు: కదిలే బొమ్మ, చప్పుడు

వీడియోలో మొదట మానాల్సింది కెమెరాను అటూ ఇటూ తిప్పడం. స్టాండు మీద పెట్టి, రికార్డు నొక్కి, మనసులో పది లెక్కపెట్టండి. కొంగ ఎగిరినా, ఎవరో పిలిచినా కదలకండి. పది సెకన్ల నిలకడైన షాట్లు ఓ వంద ఉంటే సినిమా కట్టొచ్చు, అరగంట ఊగిపోయే వీడియోతో ఏమీ చేయలేం.

ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా ముక్కలుగా పట్టండి. వల అల్లే ముదిరాజు పెద్దమనిషి దగ్గర కూర్చున్నారనుకోండి. ముందు ఆయన, చెట్టు, చెరువు అన్నీ కనబడే దూరపు షాట్. తర్వాత ముడి వేసే వేళ్లు. తర్వాత ముఖం. ఆయన ఎటు చూస్తున్నాడో అది. ఆఖరున అల్లిన వల భుజాన వేసుకుని పోవడం. ఈ ఐదూ ఉంటే ఎడిటింగ్‌లో ఆ మనిషిని బతికించొచ్చు.

సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 50లో ఒక వంతు పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్ సెకనుకు వంద సార్లు మినుకుతుంది. ఫోన్లలో తరచూ ఉండే 30 ఫ్రేముల లెక్క, దానితోపాటు 60లో ఒక వంతు షట్టర్ ఉంటే పంచాయతీ ఆఫీసులో తీసిన బొమ్మలో చారలు పాకుతాయి.

చప్పుడును విడిగా పట్టండి. ప్రతి చోటా ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఊరకే రికార్డు చేయండి. మత్తడి నీటి హోరు, తూము దగ్గర సన్నని జాలు, రేవులో బట్టలు ఉతికే చప్పుడు, రాత్రి కప్పలు. కుంట పూడ్చి ప్లాట్లు చేసిన చోట అదే వేళకు నిలబడి ఇంకో నిమిషం రికార్డు చేయండి. కప్పల చప్పుడు నుంచి ఆ నిశ్శబ్దానికి నేరుగా పోతే ఏమైందో వేరే చెప్పనక్కర్లేదు.

ఏడో అడుగు: మాట్లాడించడం

ఇంటర్వ్యూ అనే మాట ఊళ్లో వాడకండి. ఆ మాట వినగానే మనిషి నిటారుగా కూర్చుని టీవీ తెలుగు మాట్లాడతాడు. పని చేస్తుండగా మాట్లాడించండి, లేదా పని అయ్యాక ఇంటి అరుగు మీద. మత్తడి పక్కన మాత్రం వద్దు, హోరులో మాట కలిసిపోతుంది.

"చెరువు గురించి మీ అభిప్రాయం ఏమిటి?" అనే ప్రశ్నకు "మంచిగనే ఉంది" అనే జవాబే వస్తుంది. యాదిని తట్టే ప్రశ్నలు అడగండి. "మీ పెండ్లయిన ఏడు చెరువు నిండిందా?" "కరువొచ్చిన ఏడు ఏం తిన్నరు?" "చిన్నప్పుడు ఈత ఏడ నేర్చుకున్నరు, ఇప్పుడు మీ మనవడు ఏడ నేర్చుకుంటున్నడు?" ఏడాది అంకె చాలామందికి గుర్తుండదు. పెళ్లి, పుట్టుక, చెరువు తెగడం, సమ్మక్క జాతరకు పోయి రావడం, ఇవి గుర్తుంటాయి. జాతర రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి, "ఏ జాతర ముందు?" అని అడిగి ఏడాదిని దాదాపు తేల్చుకోవచ్చు.

జవాబు ముగిశాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. ఐదు సెకన్లు ఊరుకోండి. ఒకసారి నేను అలా ఊరుకున్నప్పుడే ఒక అవ్వ తనంతట తాను అంది: "ఫొటోలు దింపుకపోతరు బిడ్డా, మల్ల కనబడరు. మాకు ఒక్కటన్న ఇచ్చినోడు లేడు." తర్వాతి వారం హన్మకొండలో ప్రింట్లు తీయించి తీసుకుపోయాను. ఆమెకు తన ఫొటో కన్నా, వెనకాల మసకగా పడిన భర్త ఫొటో ముఖ్యమైంది. ఆయనది అదొక్కటే ఉందట. అప్పటినుంచి ప్రతి పనికీ ప్రింట్ల ఖర్చు ముందే పక్కన పెడుతున్నాను, పెట్రోలు ఖర్చులాగే.

ఏడుపు వస్తే కెమెరా ఆపాలా వద్దా అని అడుగుతారు. నేను ఆపుతాను. ఆపి, నీళ్లిచ్చి, వాళ్లు మళ్లీ మాట్లాడతామంటేనే మొదలుపెడతాను. ఆపకపోతే గొప్ప షాట్ దొరికేదేమో. దాని కోసం ఆ మనిషి మళ్లీ నన్ను చూసినప్పుడు తలదించుకోవడం నాకు వద్దు.

డ్రోన్, అడవి, గుడి

గొలుసుకట్టు చెరువులు పైనుంచి చూస్తేనే అర్థమవుతాయి, పై చెరువు మత్తడి నీళ్లు ఒర్రె గుండా కింది చెరువుకు ఎలా దిగుతాయో తెలుస్తుంది. అందుకే డ్రోన్ పనికొస్తుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డ్రోన్‌ను నమోదు చేయాలి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. గ్రీన్ జోన్లో 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. డిజిటల్ స్కై మ్యాపులో రెడ్, ఎల్లో జోన్లు, అంటే అనుమతి లేకుండా ఎగరేయకూడని చోట్లు, చూసుకోకుండా లేపకండి. ఊళ్లో ఎగరేసేముందు ఆడవాళ్లు స్నానాలు చేసే వేళ కాదని చూసుకోండి, చెప్పి ఎగరేయండి.

ఏటూరునాగారం, పాకాల వంటి అభయారణ్యాల్లో ఫొటో తీయడానికి అటవీ శాఖ అనుమతి కావాలి, 1972 వన్యప్రాణి చట్టంలోనే ఆ మాట ఉంది. రామప్ప గుడి, వరంగల్ కోట పురావస్తు శాఖ కింద ఉన్నవి, అక్కడ స్టాండు పెట్టాలన్నా ముందు అడగాలి.

ఇసుక, మొరం, శిఖం కబ్జా మీద పని చేస్తుంటే ఒంటరిగా పోవద్దు. ఎక్కడికి పోతున్నదీ ఇంట్లో ఒకరికి చెప్పి పోండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి, మీకు సమాచారం ఇచ్చినవారి ఇంటి ముందు బండి ఆపకండి.

ఎనిమిదో అడుగు: ఇంటికొచ్చాక

ఎంత అలసిపోయినా ఆ రాత్రే ఫైళ్లు దించండి. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఇంట్లో లేదా క్లౌడ్‌లో. మూడూ ఉన్నాయని చూసుకున్నాకే మెమరీ కార్డు చెరపండి. ఫోల్డర్ పేరు తేదీతో మొదలుపెట్టండి, తర్వాత చోటు: "2025-09-12 మత్తడి" లాగా.

ఇంటర్వ్యూలన్నీ కూర్చుని మాటకు మాట రాయండి. విసుగు పుట్టించే పనే, కానీ సినిమా ఇక్కడే దొరుకుతుంది. రాసినదాంట్లో పట్టున్న వాక్యాలను ఒక్కొక్కటీ ఒక్కో చీటీ మీద రాసి నేల మీద పరచండి. మొదట రాసుకున్న ప్రశ్న కాగితం పక్కన పెట్టుకుని, ఏ చీటీ తర్వాత ఏ చీటీ వస్తే ముడి బిగుస్తుందో, ఎప్పుడు వదులవుతుందో చూడండి. నేను రెండు రోజులు చీటీలతోనే గడుపుతాను. అప్పటిదాకా కంప్యూటర్ తెరవను.

ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. మొదటి సినిమా పన్నెండు నిమిషాలు మించనివ్వకండి. పాట వేయాలనిపిస్తే ముందు పాట లేకుండా చూసుకోండి. విషాద సన్నివేశం కింద వేణువు పెడితే, చూసేవాళ్లను ఏడవమని మీరే చెప్తున్నట్టు ఉంటుంది.

సబ్‌టైటిళ్లలో మన భాషను దిద్దకండి. "మత్తడి దుంకితే ఊరు ఊరంత ఉరికొస్తది" అని ఆమె అంటే, కింద "అలుగు పారితే గ్రామస్థులందరూ వస్తారు" అని రాయడం ఆమె నోరు మూయడమే. తెలంగాణ మాటను తెలంగాణ మాటగానే రాయండి. దూరపువాళ్లకు ఒకటి రెండు మాటలు అర్థం కాకపోతే బొమ్మ చూసి అర్థం చేసుకుంటారు.

తొమ్మిదో అడుగు: మొదటి ఆట ఊళ్లోనే

యూట్యూబ్‌కు పోకముందు, పోటీలకు పంపకముందు, సినిమా ఊళ్లో చూపించండి. కిరాయికి ప్రొజెక్టరు, ఒక తెల్ల బట్ట, రెండు స్పీకర్లు చాలు. పంచాయతీ ఆఫీసు దగ్గరైతే కొన్ని వాడలవాళ్లు రారు. బడి ఆవరణో, కట్ట మీదో పెట్టండి, అన్ని వాడల్లో మీరే తిరిగి చెప్పండి.

అయితే దీనికి ముందు ఇంకో పని ఉంది. సినిమాలో మాట్లాడిన ఒక్కొక్కరికీ వాళ్ల భాగం విడిగా, ఇంట్లో, ఫోన్ మీద చూపించండి. మూడోసారి అనుమతి అడగాల్సింది అప్పుడే. ఒకసారి ఒకావిడ అంతా చూసి, "అంత మంచిగుంది కొడుకా, మా ఆయన తాగుడు ముచ్చట ఒక్కటి తీసెయ్యి" అంది. అది సినిమాలో నాకు చాలా ఇష్టమైన ముక్క. తీసేశాను.

ఊరి ఆట రోజు నోట్‌బుక్ పట్టుకుని జనం మధ్య కూర్చోండి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారో రాసుకోండి. ఒక ఊళ్లో ఆట సగంలో ఉండగా ఒక పెద్దాయన లేచి, నేను చూపించిన తూము చెరువు రెండో తూము కాదని, మూడోదని అరిచాడు. ఆయన మాటే నిజం. ఇంజనీరు కాగితంలోనూ తప్పే ఉంది. ఆ వారమే దిద్దాను. మోటార్ల సంగతి వచ్చినప్పుడు అక్కడే వాదులాట మొదలైంది, రాత్రి పదకొండు దాకా నడిచింది. దాన్ని నేను రికార్డు చేయలేదు. అది వాళ్లు వాళ్లతో మాట్లాడుకున్న మాట.

తర్వాత సినిమాను ఎక్కడికైనా పంపండి. గ్రామీణ జీవితాన్ని నమోదు చేసే వెబ్‌సైట్లకు ఫొటో కథలు పంపొచ్చు. దాంతోపాటు మండల నీటిపారుదల అధికారికి, కలెక్టరేట్‌కు ఒక పేజీ ఉత్తరంతో లింకు పంపండి. ఉత్తరంలో కోరిక ఒక్కటే ఉండాలి, తూము షట్టరు బాగుచేయించడమో, ఎఫ్‌టీఎల్ గీత రాళ్లు పాతించడమో. పది కోరికలు రాస్తే ఒక్కటీ జరగదు.

ఫొటోలు ఒక సెట్ ప్రింట్ తీయించి, వెనకాల పేర్లు, తేదీలు పెన్సిల్‌తో రాసి ఊరి బడికి ఇవ్వండి. ఒక పెన్‌డ్రైవ్ మత్స్య సంఘానికి, ఒకటి మహిళా సంఘానికి. మీ దగ్గరున్న హార్డ్ డిస్క్‌ను ఏడాదికోసారైనా తెరిచి ఫైళ్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి, ఐదేళ్లకోసారి కొత్త డిస్క్‌లోకి మార్చండి. వచ్చే మే నెల ఆఖరున అదే స్టాండు ఎత్తుతో, అదే ఏడు గంటలకు మళ్లీ తూము రాయి దగ్గర ఉండాలి కాబట్టి, ఆ కొలతలు రాసిన నోట్‌బుక్ ఎక్కడ పెట్టారో గుర్తుంచుకోండి.